ఏ సరుకు ఎక్కడ కొనాలి: వరంగల్ ఇంటి ఖర్చుకు అంగడి, రైతు, సూపర్ మార్కెట్

వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో కాపురముండే కుటుంబానికి ఇంటి సరుకులు కొనడానికి ఇప్పుడు దారులు చాలానే ఉన్నాయి. తెల్లవారకముందే వ్యాపారం మొదలయ్యే లక్ష్మీపురం కూరగాయల మార్కెట్టు, రైతు బజార్లు, మండల కేంద్రాల్లో వారానికోసారి సాగే అంగళ్లు, గల్లీలోకి వచ్చే తోపుడు బండి, సొంతూరి పరిచయంతో తెలిసిన రైతు ఒకవైపు ఉంటే, ధర చీటీలతో చల్లగా సర్దిపెట్టిన సూపర్ మార్కెట్టు మరోవైపు ఉంది. మన దగ్గర పండినదే కొనాలని, పండించినవారికి న్యాయమైన ధర దక్కాలని కోరుకునేవారు ఈ రెండింటిలో ఏదో ఒక పక్షం వహించాలని అనుకుంటారు. ఇంటికి వచ్చే ప్రతి సరుకునూ విడిగా చూసి నిర్ణయించుకోవడమే మేలని నా అభిప్రాయం. అంతకన్నా ముఖ్యమైన మాట మరొకటి ఉంది. మనం ఖర్చు పెట్టే డబ్బు రైతుకు నేరుగా చేరే అవకాశం వారం వారం కొనే కూరగాయల్లో కంటే ఏడాదికోసారి కొనే బియ్యం, మిర్చి, పసుపు, కందుల్లోనే ఎక్కువగా ఉంది. స్థానికంగా కొనాలనే ఆలోచన ఉన్నవారు చాలామంది ఆకుకూరల దగ్గరే ఆగిపోతారు కనుక ఈ సంగతిని కొంత వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. అంగట్లో దొరికినంత మాత్రాన సరుకు స్థానికమైపోదు. మనం తినే ఉల్లిగడ్డలో పెద్ద భాగం మహారాష్ట్ర నుంచీ కర్నూలు వైపు నుంచీ వస్తుంది, ఆలుగడ్డ ఎక్కువగా ఉత్తరాది శీతల గిడ్డంగుల నుంచి వస్తుంది, ఎండాకాలంలో మన తోటలు చేతులెత్తేసినప్పుడు టమాటా మదనపల్లి, కోలారు నుంచి లారీల్లో దిగుతుంది. ఈ మూడింటినీ బండి మీద కొన్నా సూపర్ మార్కెట్టులో కొన్నా అవి నడిచి వచ్చిన దూరం ఒక్కటే, రైతుకు దక్కేదీ దాదాపు ఒక్కటే. రిజర్వు బ్యాంకు 2024లో వెలువరించిన ఒక అధ్యయన పత్రం ప్రకారం వినియోగదారుడు పెట్టే ప్రతి వంద రూపాయల్లో టమాటా రైతుకు సుమారు 33, ఉల్లి రైతుకు 36, ఆలుగడ్డ రైతుకు 37 రూపాయలు మాత్రమే అందుతున్నాయి. కాబట్టి ఈ సరుకులను ఎక్కడ చౌకగా, గట్టిగా, కుళ్లు లేకుండా దొరికితే అక్కడ కొనవచ్చు. ఆ విషయంలో మనసును కష్టపెట్టుకోవలసిన అవసరం లేదు.

కూరగాయలు, ఆకుకూరలు

ఆకుకూరల సంగతి పూర్తిగా వేరు. పుంటికూర, తోటకూర, పాలకూర, గంగవాయిలి కూర, పొన్నగంటి కూర నగరం చుట్టుపక్కల ఊళ్లలోనే కోసి ఆ పూటే అమ్మకానికి తెస్తారు. ఆకు కోసిన గంట నుంచే అందులోని సి విటమిన్, ఫోలేట్ తగ్గడం మొదలవుతుంది, వేడి పెరిగేకొద్దీ ఆ తరుగుదల వేగమందుకుంటుంది. పొద్దున ఏడింటికి రైతు బజారులో కొన్న కట్టకూ, ఎక్కడో కోసి, సేకరణ కేంద్రంలో దింపి, గిడ్డంగికి చేర్చి, అక్కడి నుంచి దుకాణానికి పంపిన కట్టకూ ఈ విషయంలో పోలికే లేదు. అయితే ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పన్నెండు దాటాక ఎండలో వడలిన కట్ట కంటే చల్లని అరలో ఉన్న కట్టే మెరుగ్గా ఉంటుందని కూడా ఒప్పుకోవాలి. ఎండాకాలంలో పొద్దున్నే వెళ్లగలిగినవారికే అంగడి లాభం.

బీర, సొర, కాకర, దొండ, వంకాయ, బెండ, చిక్కుడు వంటివి కాలాన్ని బట్టి మన జిల్లాల్లోనే పండుతాయి. వీటిని రైతు దగ్గర కొంటున్నామా, మారుబేరగాడి దగ్గర కొంటున్నామా అన్నది తెలుసుకోవడం కష్టం కాదు. పొలం నుంచి నేరుగా వచ్చినవారి ముందు రెండు మూడు రకాలకు మించి ఉండవు, కాయలు ఒకే పరిమాణంలో ఉండవు, మరుసటి వారం ఏమి కోతకు వస్తుందో అడిగితే వెంటనే చెబుతారు. క్యారెట్, క్యాబేజీ, బీన్స్, క్యాప్సికం సహా పదిహేను రకాలు పరిచి కూర్చున్నవారు పెద్ద మార్కెట్టులో కొని తెచ్చి అమ్ముకునే చిన్న వ్యాపారులు. వారి దగ్గర కొనడంలో తప్పేమీ లేదు, వారిదీ రెక్కల కష్టమే. కాకపోతే అది రైతుకు నేరుగా ఇచ్చిన డబ్బు కాదని తెలిసి కొనాలి.

బెండకాయను తీసుకుంటే తాజాదనం ఎలా పరీక్షించాలో తేలికగా అర్థమవుతుంది. కాయ కొసను బొటనవేలితో వంచితే టప్పున విరగాలి. వంగి, నారలా వేలాడితే కాయ ముదిరిపోయిందని గాని, కోసి రెండు మూడు రోజులైందని గాని అర్థం. కాయ మీది సన్నని నూగు చేతికి గరుగ్గా తగలాలి, తొడిమ కోసిన చోట నల్లబడకుండా పచ్చిగా ఉండాలి. ప్లాస్టిక్ పొరలో బిగించి పెట్టిన పొట్లంలో ఈ పరీక్షలేవీ చేయలేము. సూపర్ మార్కెట్టులో కూరగాయలు కొనదలిస్తే పొట్లాలను వదిలి, విడిగా ఏరుకోనిచ్చే చోటే కొనడం మంచిది.

ధరల విషయంలో రైతు బజారుకు ఒక ప్రత్యేకత ఉంది. 1999 జనవరిలో ఉమ్మడి రాష్ట్రంలో ఈ బజార్లు మొదలైనప్పటి నుంచి టోకు ధర కంటే రైతుకు కొంత ఎక్కువ, చిల్లర ధర కంటే కొనేవారికి కొంత తక్కువ ఉండేలా, బజారు నిర్వహణ చూసే ఎస్టేట్ ఆఫీసరు ఆధ్వర్యంలో రోజూ ధర నిర్ణయించి బోర్డు మీద రాయడం పద్ధతిగా ఉంది. లోపలికి వెళ్లేటప్పుడు ఆ బోర్డును చూసుకోవాలి. కాంటా మీద తూనికల శాఖ ముద్ర ఉందో లేదో కూడా గమనించాలి. ఆ బోర్డు మీది ధర చూశాక కూడా కట్టకు రెండు రూపాయలు తగ్గించమని పట్టుబట్టడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు. సూపర్ మార్కెట్టులో ముద్రించిన ధరకు మారుమాట్లాడకుండా చెల్లించే మనం, తెల్లవారుజామున బస్సెక్కి మూటతో వచ్చిన ఆడమనిషి దగ్గరే బేరమాడటం న్యాయమనిపించుకోదు.

బియ్యం: లెక్క వేసి చూడవలసిన సరుకు

ఇంటి సరుకుల ఖర్చులో బియ్యానిది పెద్ద పద్దు. నలుగురున్న ఇంటికి ఏడాదికి నాలుగైదు క్వింటాళ్ల బియ్యం పట్టడం మన దగ్గర మామూలే. కనుక ఒక్క బియ్యం విషయంలో దారి మార్చుకుంటే దాని ఫలితం ఏడాది పొడవునా కొన్న ఆకుకూరలన్నింటి కంటే ఎక్కువగా ఉంటుంది.

సూపర్ మార్కెట్టులో బియ్యం సంచి మీద బ్రాండు పేరు పెద్దగా ఉంటుంది గాని, అది ఏ వంగడమో, ఏ పంటకాలంలో పండిందో, ఎన్ని నెలలు పాతదో చాలా సంచుల మీద ఉండదు. 2022 జూలై 18 నుంచి, అప్పటిదాకా పన్ను లేని సంచులతో సహా, ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన, 25 కిలోల వరకు ఉన్న బియ్యం, పప్పులన్నింటి మీద 5 శాతం జీఎస్టీ విధించారు. మన కిరాణా కొట్లలో 26 కిలోల బస్తాలు కనిపించడానికి అదే కారణం. రైతు దగ్గర గాని, ఊరి మిల్లులో గాని కొంటే వంగడం పేరు మనకు తెలుస్తుంది. తెలంగాణ సోనాగా పేరుపడ్డ ఆర్ఎన్ఆర్ 15048, వరంగల్ పరిశోధన స్థానం నుంచి వచ్చిన వరంగల్ సన్నాలు, సిద్ధి, జగిత్యాల నుంచి వచ్చిన జగిత్యాల సన్నాలు, పాతదైనా ఇప్పటికీ మక్కువ తగ్గని సాంబ మసూరి, ఇవన్నీ వండితే వేర్వేరు రుచులు, అన్నం పొడిపొడిగా రావడంలోనూ తేడాలు. ఏది మన ఇంటికి నప్పుతుందో ఐదు కిలోలు తెచ్చి వండి చూసుకుని, ఆ తరువాతే బస్తాల మాట ఎత్తాలి.

ఇక న్యాయమైన ధర ఎంత అన్న ప్రశ్న. 2025-26 వానాకాలం పంటలో ‘ఎ’ గ్రేడ్ (మేలు రకం) వడ్లకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాకు 2,389 రూపాయలు. దానిపైన సన్న వడ్లకు రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన బోనస్ 500 రూపాయలు. అంటే కొనుగోలు కేంద్రంలో అమ్ముకునే రైతుకు క్వింటా సన్న వడ్లకు 2,889 రూపాయలు రావాలి. ప్రభుత్వ లెక్కల్లో క్వింటా వడ్లకు 67 కిలోల పచ్చి బియ్యం దిగుబడిగా తీసుకుంటారు, ఆ లెక్కన బియ్యం కిలోకు వడ్ల ఖరీదే 43 రూపాయలు పడుతుంది. నూకలు జల్లించి తీసేసి, నికరంగా 60 కిలోలే చేతికొస్తాయనుకుంటే అది 48 రూపాయలకు చేరుతుంది. మిల్లు పట్టించిన కూలి, బస్తాలు, రవాణా, ఆరబెట్టిన కష్టం, తేమ ఆరినప్పుడు తగ్గే తూకం దీనికి అదనం. కాబట్టి సన్న బియ్యాన్ని 45 రూపాయలకు అడిగి, రైతును నేరుగా ఆదుకుంటున్నామని అనుకోవడం అసంగతం. సూపర్ మార్కెట్టులో అదే రకం బియ్యానికి మనం చెల్లించే ధర ఎంతో చూసుకుని, ఆ ధరకూ పై లెక్కకూ మధ్యలో ఇద్దరికీ నచ్చిన చోట బేరం కుదుర్చుకోవడమే సరైన పద్ధతి. కొనుగోలు కేంద్రంలో తేమ పేరుతోనో తాలు పేరుతోనో తరుగు తీస్తారన్న బెంగ, డబ్బు ఖాతాలో ఎప్పుడు పడుతుందోనన్న ఎదురుచూపు లేకుండా అమ్ముకోగలగడం రైతుకు ధరతో సమానమైన మేలు.

ఇందులో ఇబ్బందులూ ఉన్నాయి. నవంబరు, డిసెంబరుల్లో కోసిన కొత్త వడ్లను వెంటనే పట్టిస్తే అన్నం మెత్తగా ముద్దవుతుంది. నాలుగు నుంచి ఆరు నెలలు వడ్లుగానే నిల్వ ఉంచి, ఆ తరువాత అవసరమైనప్పుడల్లా పట్టించుకోవాలి. అపార్టుమెంటులో ఉండేవారికి క్వింటాళ్ల కొద్దీ నిల్వకు చోటు ఉండదు. అటువంటివారు రైతు ఇంటి దగ్గరే వడ్లు ఉంచమని, రెండు నెలలకోసారి పట్టించి పంపమని మాట్లాడుకోవచ్చు, అలా ఉంచినందుకు బస్తాకు ఇంత అని చెల్లించడం ధర్మం. పాలిష్ ఎంత పట్టాలో మిల్లులో చెప్పి పట్టించుకోగలగడం ఈ పద్ధతిలోని మరో లాభం. కొద్దిగా తవుడు మిగిల్చిన బియ్యానికి పురుగు త్వరగా పడుతుంది గనుక దాన్ని తక్కువ మొత్తాల్లోనే పట్టించాలి.

మిర్చి, పసుపు, కందులు

మిర్చి విషయంలో మనకున్న వసతి దేశంలో చాలా ప్రాంతాలకు లేదు. ఏనుమాముల వ్యవసాయ మార్కెట్టు మన ఊళ్లోనే ఉంది. జనవరి నుంచి మే దాకా తేజ, వండర్ హాట్, 341, దీపిక రకాలు బస్తాలు బస్తాలుగా అక్కడికి వస్తాయి. కారం తక్కువ, రంగు ఎక్కువ ఉండి పచ్చళ్లకు పేరుపడిన చపాటా మిర్చికి 2025లో వరంగల్ చపాటా పేరుతో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. మార్కెట్టులో వేలం వ్యాపారులకే గనుక ఒక ఇంటికి కావలసిన ఐదారు కిలోలను నర్సంపేట, పరకాల, ములుగు వైపు రైతుల దగ్గర కల్లంలోనే కొనుక్కోవడం తేలిక.

పొడి కారం పొట్లంలో రంగు కలిపినా, తాలు కాయలు కలిపినా కంటికి తెలియదు. ఎండు కాయల్లో అన్నీ తెలుస్తాయి. కాయను చెవి దగ్గర ఆడిస్తే గింజ గలగలమనాలి, పిడికిట్లో నొక్కితే పెళుసుగా విరగాలి, మెత్తగా నలిగితే తేమ ఉన్నట్టే. రెండు మూడు కాయలను నిలువునా చీల్చి లోపల చూడాలి. బూడిద రంగు బూజు గాని, నల్లబడ్డ గింజ గాని కనిపిస్తే ఎంత తక్కువకిచ్చినా ఆ బస్తా జోలికి పోకూడదు, ఎందుకంటే తేమతో పట్టిన బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషపదార్థం ఉండే ప్రమాదం ఉంది, అది ఎండబెట్టినా వండినా పూర్తిగా పోదు. మంచి కాయలు తెచ్చుకుని, రెండు రోజులు ఎండలో పోసి, తొడిమలు తీసి గిర్నీలో పట్టించుకుంటే ఏడాది కారం సిద్ధం.

అయితే ఒక నిజాన్ని దాచకూడదు. మన జిల్లాల్లో పురుగు మందులు ఎక్కువగా కొట్టే పంటల్లో మిర్చి ఒకటి. నేరుగా రైతు దగ్గర కొన్నంత మాత్రాన మందు అవశేషాలు ఉండవని అనుకోవడం భ్రమ. ఎన్నిసార్లు కొట్టారు, చివరిసారి ఎప్పుడు కొట్టారు అని అడగాలి. దాపరికం లేకుండా చెప్పే రైతే నమ్మదగినవాడు.

పసుపుకు నిజామాబాద్, ఆర్మూర్, మెట్‌పల్లి, కోరుట్ల ప్రాంతాలు ప్రసిద్ధి. జాతీయ పసుపు బోర్డు 2025లో నిజామాబాద్ కేంద్రంగానే ఏర్పడింది. పసుపును పొడిగా కాకుండా కొమ్ములుగానే కొనాలి, అందులోనూ మరీ నున్నగా మెరిసే కొమ్ములను పక్కన పెట్టాలి, ఎందుకంటే పాలిష్ చేసేటప్పుడు మెరుపు కోసం సీసం కలిసిన పసుపు రంగును వాడే దురాచారం దేశంలో కొన్నిచోట్ల బయటపడింది. విరిస్తే ఫట్టున విరిగి, లోపల ముదురు నారింజ రంగు కనిపించే కొమ్ము మంచిది. కందులు జనవరి, ఫిబ్రవరి నెలల్లో చేతికొస్తాయి. వాటిని పప్పు పట్టిస్తే పొట్టూ నూకా పోను నాలుగింట మూడు వంతులకు మించి పప్పు రాదు కనుక ధర పోల్చేటప్పుడు ఆ తరుగు లెక్కలోకి తీసుకోవాలి.

సేంద్రియమన్న మాటను ఎలా నమ్మాలి

స్థానికం వేరు, సేంద్రియం వేరు. సూపర్ మార్కెట్టు పొట్లం మీద సేంద్రియమని రాసి ఉంటే దాని మీద ఇండియా ఆర్గానిక్ గాని, రైతుల బృందాలు ఒకరి పొలాన్ని ఒకరు తనిఖీ చేసుకుని ఇచ్చుకునే పీజీఎస్ గాని ధ్రువీకరణ గుర్తు ఉందో లేదో చూడాలి. పీజీఎస్ గుర్తుల్లో ‘గ్రీన్’ అన్న పేరున్నది రసాయనాల నుంచి సేంద్రియానికి మారే దశలో ఉన్న పొలానికి ఇచ్చేది, పూర్తిగా సేంద్రియమైన పొలానికి ఇచ్చే గుర్తు వేరు. ఈ తేడా దుకాణంలో ఎవరూ చెప్పరు. ఏ గుర్తూ లేకుండా ‘సహజ’, ‘పల్లె’, ‘అమ్మమ్మ’ వంటి మాటలు మాత్రమే ఉన్న పొట్లానికి అదనంగా ఒక్క రూపాయి చెల్లించడం కూడా వృథా.

నేరుగా వినియోగదారులకు అమ్ముకునే చిన్న రైతుకు ఈ ధ్రువీకరణ తప్పనిసరి కాదు, కాబట్టి కాగితం లేనంత మాత్రాన అతని మాట అబద్ధం కాదు. అక్కడ పొలానికి వెళ్లి చూడడమే పరీక్ష. పశువులున్నాయా, ఎరువు గుంత ఉందా, పక్క పొలం మందు కొట్టినప్పుడు గాలికి ఇటు పడకుండా గట్టు మీద ఏమైనా వేశారా, ఒకే పంట ఉందా, కలిపి వేశారా అన్నవి చూస్తే సగం సంగతి తెలుస్తుంది. జనగామ జిల్లా లింగాల ఘనపూర్ మండలంలోని ఏనబావి గ్రామం 2006 ప్రాంతంలోనే ఊరంతా ఒక్కమాట మీద నిలబడి రసాయన మందులూ ఎరువులూ మానేసింది. మన నేల మీద ఇది సాధ్యమేనని చెప్పడానికి అంతకన్నా దగ్గరి రుజువు అక్కరలేదు.

సూపర్ మార్కెట్టే మేలైన సరుకులు

వంట నూనెను విడిగా కొనకూడదు. గానుగలో కళ్ల ముందు ఆడించుకోగలిగితే సరే, లేకపోతే ముద్ర వేసిన ప్యాకెట్టునే కొనాలి, కల్తీ జరిగితే ఎవరిని నిలదీయాలో దాని మీద రాసి ఉంటుంది. ఉప్పు, చక్కెర, టీ పొడి, గోధుమ పిండి, సబ్బుల వంటివి సూపర్ మార్కెట్టులో చౌకగా, బిల్లుతో సహా దొరుకుతాయి. బిల్లు ఉంటే తేడా వచ్చినప్పుడు 1915 జాతీయ వినియోగదారుల సహాయ నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు, అంగట్లో ఆ వెసులుబాటు దాదాపు లేనట్టే. రాత్రి తొమ్మిదింటికి డ్యూటీ దిగి ఇంటికి చేరే రైల్వే ఉద్యోగికో, నర్సుకో పొద్దున్నే రైతు బజారుకు వెళ్లమని చెప్పడం అన్యాయం. అటువంటివారు కూరగాయలు సూపర్ మార్కెట్టులో కొనుక్కుని, బియ్యం, కారం, పసుపు మాత్రం రైతు దగ్గర తీసుకున్నా పైన చెప్పిన మేలులో ఎక్కువ భాగం నెరవేరినట్టే.

సూపర్ మార్కెట్టు అరల్లో కూడా మనవి అనదగ్గ సరుకులు కొన్ని ఉంటాయి. భీమదేవరపల్లి మండలం ముల్కనూరులో పాలు పోసే ఆడవాళ్లే సభ్యులుగా, యజమానులుగా 2000లో మొదలైన మహిళా సహకార డెయిరీ స్వకృషి పేరుతో పాలు, పెరుగు అమ్ముతుంది. లాభం సభ్యుల దగ్గరికే తిరిగి వెళ్తుంది. అలాగే గిరిజన సహకార సంస్థ అమ్మే తేనె ఏటూరునాగారం వంటి అటవీ ప్రాంతాల్లో సేకరించేవారికి ఆదాయం. ఇలాంటివి కనిపించినప్పుడు పక్కనున్న పెద్ద కంపెనీ ప్యాకెట్టు కంటే రెండు మూడు రూపాయలు ఎక్కువైనా వీటినే తీసుకోవాలి.

రైతు దగ్గర ఏడాది సరుకు కొనే పద్ధతిని ఈ సంవత్సరమే మొదలుపెట్టదలచినవారు మొదట ఒక్క సరుకుతోనే మొదలుపెట్టడం మంచిది, అందుకు మిర్చి అన్నింటికన్నా అనువైనది. ఒకే అపార్టుమెంటులోని ఐదారు ఇళ్లవారు కలిసి క్వింటాకు మాట్లాడుకుంటే రవాణా ఖర్చు పంచుకోవచ్చు, రైతుకూ ఒక్కసారిగా సరుకు తీరిపోతుంది. సరుకు తీసుకున్న రోజే డబ్బు పూర్తిగా ఇవ్వాలి, వీలైతే కొంత మొత్తాన్ని విత్తనాలు పెట్టే కాలంలోనే ముందుగా ఇవ్వాలి. చాలామంది రైతులు పెట్టుబడి కోసం అడ్తి వ్యాపారి దగ్గర అప్పు తీసుకుని, ఆ అప్పు కారణంగానే పంటను అతని దగ్గరికే, అతను చెప్పిన ధరకే తీసుకెళ్లవలసి వస్తుంది. జూన్, జూలై నెలల్లో చేతికందిన పది, పదిహేను వేల రూపాయలు ఆ అప్పులో కొంతైనా తగ్గిస్తే, ఫిబ్రవరిలో తన పంటలో ఆ మేరకు ఎవరికి అమ్మాలో రైతు తానే నిర్ణయించుకోగలుగుతాడు.